బడి వంటలో ఉప్పును కూడా కాటా మీద పెట్టించండి: విద్య, సంక్షేమ శాఖల అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాల విద్యాశాఖ కమిషనర్లకు, సాంఘిక, గిరిజన, బీసీ, మైనారిటీ సంక్షేమ శాఖల అధికారులకు, గురుకుల విద్యాలయ సంస్థల కార్యదర్శులకు,

నమస్కారం.

మధ్యాహ్న భోజనానికి కేంద్రం పెట్టిన కొలతల పట్టిక మీ అందరి దగ్గరా ఉంటుంది. ప్రాథమిక తరగతుల్లో తలకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ప్రాథమికోన్నత తరగతుల్లో 150, 30, 75, ఏడున్నర. ఆ కింద ఉప్పు, పోపు దినుసులు అని ఉండి, ఎదురుగా ‘అవసరాన్ని బట్టి’ అని ఉంటుంది. నూనెను అర గ్రాము దాకా లెక్కగట్టిన పట్టిక ఉప్పును మాత్రం వంట చేసేవారి చేతికి వదిలేసింది. ఆ ఒక్క వరుస మార్చి, మీ రాష్ట్ర ఉత్తర్వుల్లో ఉప్పుకు కూడా గ్రాముల్లో కొలత పెట్టమని అడగడానికే ఈ లేఖ.

ఎందుకింత పట్టుబడుతున్నామో ముందు చెబుతాం. పెద్దవాళ్ళు రోజుకు 5 గ్రాముల ఉప్పు, అంటే 2 గ్రాముల సోడియం, దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లోనూ ఉప్పుకు పెట్టిన హద్దు 5 గ్రాములే. మనం తింటున్నదెంత? 24 గంటల మూత్రం సేకరించి అందులో సోడియం కొలిచి చేసిన అధ్యయనం ఒకటి 2017లో వెలువడింది. అందులో ఆంధ్రప్రదేశ్‌లో పెద్దల సగటు వాడకం రోజుకు సుమారు తొమ్మిదిన్నర గ్రాములని తేలింది. అదే అధ్యయనంలో ఢిల్లీ, హర్యానాలది ఎనిమిదిన్నర. మరోవైపు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 ఏళ్లు దాటిన పురుషుల్లో 31 శాతం, మహిళల్లో 26 శాతం మందికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా వాళ్ళు దానికి మందులు వాడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ అంకెలు 29, 25. ఈ నాలుక అలవాటు నలభై ఏళ్లకు మొదలయ్యేది కాదు. ఐదేళ్ల పిల్లవాడు రోజూ ఏ రుచిలో పప్పన్నం తింటాడో, అదే వాడికి ‘సరైన ఉప్పు’ అవుతుంది. లక్షల మంది పిల్లలకు ఆ రుచిని నిర్ణయిస్తున్నది మీ వంటశాలలు.

ఉప్పు ఒంట్లో చేసే పని సూటిగానే ఉంటుంది. రక్తంలో సోడియం గాఢతను శరీరం చాలా ఇరుకైన హద్దుల్లో ఉంచుకుంటుంది. ఉప్పు ఎక్కువ వస్తే దాన్ని పలుచన చేయడానికి నీటిని పట్టి ఉంచుతుంది. ఆసుపత్రిలో ఎక్కించే అరలీటరు నార్మల్ సెలైన్ సీసాలో ఉన్న ఉప్పు నాలుగున్నర గ్రాములు. ఒంట్లో నిలిచిన ఉప్పు దాదాపు ఆ పాళ్లలోనే నీటిని కూడా నిలుపుతుంది. ఆ అదనపు నీటిని, సోడియాన్ని మూత్రపిండాలు బయటికి తోయాలంటే రక్తపు ఒత్తిడి (బీపీ) పెరగాలి. ఏళ్ల తరబడి ఇదే సాగితే రక్తనాళాల గోడలు గట్టిపడతాయి, గుండె కండరం మందమవుతుంది. మూత్రంలో సోడియంతో పాటు కాల్షియం కూడా పోతుంది కాబట్టి ఎముకలు పెరిగే వయసులో అదొక నష్టం. పిల్లల మీద జరిగిన పది ప్రయోగాలను కలిపి 2006లో చేసిన విశ్లేషణలో, ఉప్పు దాదాపు నలభై శాతం తగ్గించినప్పుడు పై బీపీ ఒక మిల్లీమీటరుకు కాస్త పైగా తగ్గింది. అంకె చిన్నదే. కానీ అది నెల రోజుల్లో, ఏ జబ్బూ లేని పిల్లల్లో వచ్చిన తేడా. బాల్యంలో బీపీ కాస్త ఎక్కువగా ఉన్నవారికి పెద్దయ్యాక కూడా అది ఎక్కువగానే ఉండే అవకాశం హెచ్చు.

ఇక కొలత ఎంత పెట్టాలి? పిల్లలకు హద్దును వాళ్ళు తినే శక్తిని బట్టి తగ్గించుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 2,000 కిలోకాలరీలకు 5 గ్రాములు అనుకుందాం. ప్రాథమిక పిల్లల మధ్యాహ్న భోజనం 450 కిలోకాలరీలు కనుక వాటా 1.1 గ్రాములు. ప్రాథమికోన్నత భోజనం 700 కనుక ఒకటి ముప్పావు గ్రాములు. మొదటిదాన్ని 1.2గా సరిచేసుకుంటే వంటశాలలో లెక్క తేలిక: వందమంది చిన్న పిల్లలకు 120 గ్రాములు, వందమంది పెద్ద పిల్లలకు 175 గ్రాములు. మేము ప్రతిపాదించే కొలత ఇదే. ఇది ఆ పూట వంటలన్నిటికీ కలిపి. ఒక్కో గిన్నెకు అంత అని కాదు.

ఇంత తక్కువతో రుచి వస్తుందా అన్నది మొదట వచ్చే ప్రశ్న. లెక్క చూడండి. తలకు 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు వేసి కాచిన సాంబారు సుమారు 150 మిల్లీలీటర్లు వస్తుంది. వందమందికి 15 లీటర్లు. అందులో 120 గ్రాముల ఉప్పంటే నూటికి 0.8. సాధారణంగా మన సాంబారులో, పప్పులో ఉప్పు నూటికి ఒకటి, ఒకటింబావు దగ్గర ఉంటుంది. 0.8 చప్పిడి కాదు. మామూలుకన్నా ఒక మెట్టు తక్కువ, అంతే. అన్నంలో ఉప్పు వేయకూడదు. గుడ్డులో సహజంగానే సుమారు 70 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, పైన చల్లాల్సిన పని లేదు.

అసలు చిక్కు పులిహోర, వెజిటబుల్ రైస్, టమాటా బాత్ వండే రోజుల్లో వస్తుంది. పప్పన్నంలో ఉప్పు పప్పులోనే ఉంటుంది, అన్నం ఖాళీ. పులిహోరలో మొత్తం అన్నానికీ ఉప్పు పట్టాలి. వంద గ్రాముల బియ్యం ఉడికితే దాదాపు 280 గ్రాముల అన్నం. ఒక శాతం ఉప్పు కలిపితే ఆ ఒక్క ముద్దలోనే 2.8 గ్రాములు, అంటే ఏడేళ్ల పిల్లకు రోజంతటికీ తగినదాంట్లో మూడింట రెండు వంతులు. పైగా పులిహోరలో ఉప్పు పెరగడానికి మొదటి కారణం చింతపండు. చింతపండు కొలత లేకుండా నానబెడతారు, గుజ్జు పులుపెక్కువవుతుంది, ఆ పులుపును అణచడానికి ఉప్పు వేస్తారు, ఆ రెండూ ఎక్కువై కారం వేస్తారు. కాబట్టి ఉప్పు తూచే ముందు చింతపండు తూచాలి. కిలో బియ్యానికి గింజ, ఈనె తీసిన చింతపండు 50 గ్రాములతో మొదలుపెట్టించండి. ఉప్పు 14 గ్రాములు. దాన్ని అన్నం మీద చల్లకుండా, ఉడికిన గుజ్జు దించాక అందులో పూర్తిగా కరిగించి కలపాలి. చల్లితే ఒక పక్క ఉప్పు కషాయం, మరో పక్క చప్పిడి వస్తాయి. చప్పిడి ముద్ద రుచి చూసినవాళ్ళు మళ్ళీ గుప్పెడు వేస్తారు. ఇంగువ, ఆవపిండి, కరివేపాకు ధారాళంగా పడితే, ఉప్పు తగ్గిన సంగతి పిల్లలు గమనించరు. ఆ రోజు తలకు 1.4 గ్రాములై రోజువారీ హద్దు దాటినా, గుడ్డు, ఆకుకూర పప్పు ఉన్న రోజున ఒక గ్రాము దగ్గర ఆపి వారం మొత్తానికి సరిచూసుకోవచ్చు. అందుకే ఉత్తర్వులో రోజువారీ హద్దుతో పాటు వారపు సగటు కూడా రాయాలి.

వంటశాలల్లో ఉప్పు ఎక్కడెక్కడ చేయి దాటిపోతుందో కూడా మీకు తెలియాలి. మొదటిది గ్లాసు. రాళ్ల ఉప్పుకు అలవాటైన గ్లాసుతోనే మెత్తటి ఉప్పు కొలిస్తే ఎక్కువ బరువు పడుతుంది, ఎందుకంటే రాళ్ల మధ్య ఖాళీలుంటాయి, మెత్తటి ఉప్పు ఒత్తుకుని కూర్చుంటుంది. సరఫరాదారు మారి ఉప్పు రకం మారిన వారంలో వంట ఉప్పగా ఉందని ఫిర్యాదు వస్తే మొదట చూడాల్సింది ఇదే. గుప్పెడు కొలత గురించి చెప్పక్కర్లేదు, ఒకరి గుప్పెడు ఇంకొకరికి రెట్టింపు. రెండోది మరగడం. ఉప్పు ముందే వేసి సాంబారు 15 లీటర్ల నుంచి 13కు మరిగితే 0.8 కాస్తా 0.92 అవుతుంది. మూడోది వేడి. పొగలు కక్కే సాంబారు నాలుక మీద పడితే కాలడమే తప్ప ఉప్పు సరిగా తెలియదు. అరచేతిలో వేసుకుని ఊదుకుని చూసినా అంతే. చిన్న గిన్నెలోకి తీసి, గోరువెచ్చగా అయ్యాక, అన్నంతో కలిపి చూడాలి. నాలుగోది ఉప్పు ఎక్కువయ్యాక చేసే వైద్యం. ఆలుగడ్డ ముక్కలు వేస్తే ఉప్పు లాగేస్తుందని వంటవాళ్ళలో గట్టి నమ్మకం. ముక్క కొంత ఉప్పు నీటిని పీల్చుకుంటుంది తప్ప ఉప్పును ఏరుకోదు, చివరికి ఆ ముక్కలూ పిల్లలే తింటారు. బెల్లం వేస్తే ఉప్పు నాలుకకు దాగుతుంది, కడుపులోకి పోయేది పోతూనే ఉంటుంది. ఉప్పు వేయని ఉడికిన పప్పు ఒక లీటరున్నర పక్కన ఉంచుకుని, అవసరమైతే అది కలపడమే సరైన పద్ధతి. అవసరం రాకపోతే చివర్లో కలిపేయవచ్చు.

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన సంగతి. వడ్డించే ముందు ఒక ఉపాధ్యాయుడితో సహా పెద్దవాళ్ళు రుచి చూడాలన్న నియమం ఉంది. ఆహార భద్రతకు అది ఎంతో మంచి నియమం, దాన్ని తీసేయమని మేము అనడం లేదు. కానీ రోజుకు తొమ్మిదిన్నర గ్రాముల ఉప్పుకు అలవాటైన నాలుక ‘ఉప్పు తగ్గింది’ అన్న ప్రతిసారీ వంట ఏజెన్సీ అక్క మరో గుప్పెడు వేస్తుంది. వేయకపోతే రిజిస్టరులో ‘చప్పగా ఉంది’ అని పడుతుంది, తనిఖీకి వచ్చినవాళ్ళు ఆమెనే అడుగుతారు. మాటపడటం కన్నా ఉప్పు వేయడం ఆమెకు సులువు. కాబట్టి రిజిస్టరులో అడిగే ప్రశ్న మార్చండి. ఉడికిందా, వాసన బాగుందా, పురుగూ రాయీ లేవా అన్నవి అలాగే ఉండనివ్వండి. ‘ఉప్పు సరిపోయిందా’ అన్నచోట ‘ఈ రోజు వేసిన ఉప్పు ఎన్ని గ్రాములు, ఎంతమందికి’ అని ఉండాలి. కొలత ప్రకారం వేసినంతకాలం చప్పగా ఉందన్న మాటకు ఆమె బాధ్యురాలు కాదని ఉత్తర్వులో స్పష్టంగా రాయండి. కట్టెల పొయ్యి ముందు, చాలా తక్కువ గౌరవ వేతనానికి పనిచేసే ఆ మహిళల మీద ఈ మార్పు భారం పడకూడదని మా గట్టి కోరిక.

కొలవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా వెయ్యి రూపాయల లోపు వస్తుంది. అదీ రోజూ వాడనక్కర్లేదు. ఒక స్టీలు గ్లాసు తీసుకుని, ఆ బడికి వచ్చే ఉప్పుతోనే 120 గ్రాములో 175 గ్రాములో తూచి పోసి, తట్టి, పైభాగం సమం చేసి, లోపల మేకుతో గీత గీయండి. ఆ గ్లాసు ఉప్పు డబ్బాలోనే ఉండాలి, తడి తగలకూడదు. తడి ఉప్పు గడ్డకట్టి గీత దాకా నిండినట్టు కనిపిస్తుంది, బరువు వేరుగా ఉంటుంది. కొత్త రకం ఉప్పు వచ్చిన రోజున మళ్ళీ తూచి కొత్త గీత పెట్టాలి. మార్కెట్లో దొరికే సెలైనిటీ మీటర్లు, అంటే ఉప్పదనం చూపే మీటర్లు, కొనవద్దు. అవి విద్యుత్ వాహకతను కొలుస్తాయి. చింతపండు పులుపు, నూనె పొర, వేడి, మూడూ వాటి అంకెను తప్పుదారి పట్టిస్తాయి.

మీకు జిల్లా స్థాయిలో సరిచూసుకునే మార్గం ఇంకా తేలిక. నెలలో వాడిన ఉప్పు కిలోలను వడ్డించిన భోజనాల సంఖ్యతో పోల్చండి. ప్రాథమిక పాఠశాలలో కిలో ఉప్పు దాదాపు 830 భోజనాలకు రావాలి, పెద్ద పిల్లలకు 570కి. వంద మంది ఉన్న ప్రాథమిక బడిలో 24 పని దినాలకు మూడు కిలోలు మించకూడదు. స్టాకు రిజిస్టరు ఇప్పటికే ఉంది, హాజరు ఆన్‌లైన్‌లో ఉంది. ఎక్కడ ఎక్కువ పోతోందో ఈ భాగహారమే చెబుతుంది.

గురుకులాలు, హాస్టళ్ళ సంగతి వేరుగా చూడాలి, ఎందుకంటే అక్కడ మూడు పూటలూ, సాయంత్రం చిరుతిండీ మీవే. హైస్కూలు పిల్లలకు వంటగది నుంచి వెళ్ళే ఉప్పు తలకు రోజుకు నాలుగున్నర గ్రాములు దాటవద్దు. 400 మంది ఉన్న గురుకులంలో అది రోజుకు 1.8 కిలోలు. ఉదయం 1.2, మధ్యాహ్నం 1.6, సాయంత్రం పావు, రాత్రి 1.4 అని పంచుకుంటే నడుస్తుంది. ఇడ్లీ పిండిలో ఉప్పు పులిసిన తర్వాత కలపాలి. ఎండాకాలంలో పిండి పుల్లబడకుండా ముందే ఎక్కువ ఉప్పు వేసే అలవాటుంది, దానికి మందు ఉప్పు కాదు, పిండి ఆలస్యంగా రుబ్బడం. ఉప్మాలో ఎసరు మరిగేటప్పుడే ఉప్పు నీటిని రుచి చూసి ‘కాస్త ఎక్కువగా ఉండాలి, రవ్వ పడితే సరిపోతుంది’ అని వేస్తారు. రవ్వకూ నీళ్ళకూ కలిపి లెక్కగట్టి, కిలో రవ్వకు 25 గ్రాములు మించకుండా వేయాలి.

అయితే హాస్టల్లో గండి పడేది పొయ్యి దగ్గర కాదు, పళ్లెం అంచున. మామిడి, నిమ్మ ఊరగాయల్లో ఉప్పు నూటికి పది నుంచి పదిహేను దాకా ఉంటుంది. ఉప్పే నిల్వకు ప్రధాన ఆధారమైనప్పుడు ఉప్పునీటిలో ఊరే పచ్చళ్ళకు కనీసం 12 శాతం ఉండాలని ఆహార ప్రమాణాలే చెబుతాయి, కాబట్టి అలాంటి పచ్చళ్ళలో తయారీదారు తగ్గించాలన్నా తగ్గించలేడు. పది గ్రాముల ఆవకాయ, అంటే చిన్న చెంచాడు, వేసుకుంటే 1.2 గ్రాముల ఉప్పు. ఒక ప్రాథమిక పిల్లవాడి భోజనం మొత్తానికి మేము అడిగిన కొలత అంతే. రాత్రి కూర బాగాలేని రోజున పిల్లలు రెండు చెంచాలు వేసుకుని అన్నం అంతా దానితోనే తింటారు. పచ్చడి నిషేధించమని అనడం లేదు, మన పిల్లలకు అది లేకుండా భోజనం ఏమిటి! వారానికి రెండు పూటలకు పరిమితం చేసి, ఆ పూట కూరలో ఉప్పు సగానికి తగ్గించి, పచ్చడిని వడ్డించేవాళ్ళే చిన్న చెంచాతో వేయాలి, జాడీ బల్ల మీద పెట్టకూడదు. మిగతా రోజుల్లో దోసకాయ, టమాటా, గోంగూరతో అప్పటికప్పుడు నూరే రోటి పచ్చడి పెట్టవచ్చు. దానికి నిల్వ అవసరం లేదు కనుక ఒక శాతం ఉప్పు చాలు.

అప్పడం, నూడుల్స్, పొడుల విషయంలో కొనుగోలు విభాగం చేయాల్సిన పని ఒకటే: ప్యాకెట్ వెనక పోషకాల పట్టికలో సోడియం వరుస చదవడం. మన దేశంలో అక్కడ ఉప్పు అని రాయరు, సోడియం మిల్లీగ్రాముల్లో ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు. 70 గ్రాముల నూడుల్స్ ప్యాకెట్‌లో సాధారణంగా 700 నుంచి 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, అంటే దాదాపు రెండు గ్రాముల ఉప్పు. అందులో ఎక్కువ భాగం మసాలా పొట్లంలోనే. సాంబారు పొడి, బిర్యానీ మసాలా కొనేటప్పుడు పదార్థాల జాబితాలో ఉప్పు ఉంటే ఆ బ్రాండు వద్దు, ఎందుకంటే గ్లాసుతో కొలిచి వేసినా లెక్క తప్పుతుంది. బిస్కెట్లు తియ్యగా ఉంటాయి కనుక ఎవరూ అనుమానించరు. ఉప్పుతో పాటు వంట సోడా కూడా పడటంతో చాలా బిస్కెట్లలో వంద గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది.

ఇక్కడ భయాలను కూడా వాటి స్థాయిలో పెట్టాలి. తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది అజినోమోటో, అంటే మోనోసోడియం గ్లుటమేట్, గురించి. అందులో సోడియం 12 శాతం, ఉప్పులో 39 శాతం. హాస్టల్ వంటలో అది అక్కర్లేదు, కానీ బీపీ కోణంలో మొదటి దోషి ఉప్పే. పచ్చళ్ళలో నిల్వకు వాడే సోడియం బెంజోయేట్ కిలోకు పావు గ్రాము స్థాయిలో పడుతుంది, దాని నుంచి వచ్చే సోడియం లెక్కలోకి రాదు. వంట సోడాలో సోడియం 27 శాతం. బైకార్బొనేట్ రూపంలో వచ్చే సోడియం ఉప్పంతగా బీపీ పెంచదని చూపిన ప్రయోగాలున్నాయి. అయినా పప్పులో సోడా వద్దనడానికి మా కారణం వేరు: ఆ క్షారంలో బి1 విటమిన్ చాలావరకు నాశనమవుతుంది. పాత కందిపప్పు, బోరు నీళ్ళు అయినచోట పప్పు ఉడకదు, అందుకే సోడా వేస్తారు. రెండు గంటలు నానబెట్టి, ఉప్పూ చింతపండూ పప్పు పూర్తిగా మెత్తబడ్డాకే వేస్తే ఆ అవసరం రాదు. హాస్టల్ మెడికల్ కిట్‌లో ఉండే, నీళ్ళలో పొంగే గ్యాస్ పొడి మాత్రం గుర్తుంచుకోవాల్సిందే. ఐదు గ్రాముల పొట్లంలో సుమారు 850 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది.

ఉప్పు తగ్గించమంటున్నాం కనుక అయోడిన్ సంగతి మేమే చెప్పాలి. అయోడైజ్డ్ ఉప్పులో వినియోగదారుడి చేతికి వచ్చేసరికి కనీసం 15 పీపీఎం (అంటే కిలో ఉప్పులో 15 మిల్లీగ్రాములు) అయోడిన్ ఉండాలి, తయారీ దగ్గర 30. బడి వయసు పిల్లలకు రోజుకు 120 మైక్రోగ్రాములు కావాలి. నాలుగు గ్రాముల ఉప్పు 15 పీపీఎంతో తింటే వచ్చేది 60, 30 పీపీఎంతో అయితే 120. అంటే ఉప్పు తగ్గే కొద్దీ ఉప్పు నాణ్యత గట్టిగా ఉండాలి. మూడు నెలలకు మించి నిల్వ పెట్టకుండా కొనండి, సంచి విప్పి గోడ పక్కన వదలకుండా మూత డబ్బాలో పోయించండి, మరుగుతున్న వంటలో కాక దించే ముందు వేయించండి. స్టార్చ్ ద్రావణం చుక్క వేస్తే నీలం రంగు తిరిగే పరీక్ష కిట్‌తో నెలకోసారి చూడవచ్చు. అయితే అది అయోడిన్ ఉందో లేదో చెబుతుంది గాని, ఎంతుందో కచ్చితంగా చెప్పలేదు. ఆరోగ్యానికి మంచిదని కొన్ని హాస్టళ్ళకు దాతలు సైంధవ లవణం, గులాబీ ఉప్పు ఇస్తుంటారు. అందులోనూ సోడియం దాదాపు మామూలు ఉప్పంతే, అయోడిన్ మాత్రం సాధారణంగా కలపరు. పిల్లల వంటకు అది వాడవద్దు.

సోడియం తక్కువ ఉప్పు, అంటే కొంత సోడియం క్లోరైడ్ బదులు పొటాషియం క్లోరైడ్ కలిపినది, తెప్పిస్తే పని అయిపోతుంది కదా అని ఎవరైనా సూచించవచ్చు. పెద్దలకు అది నిజంగా మేలు చేసే వస్తువే. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మంది మీద ఐదేళ్లు జరిపి 2021లో ప్రచురించిన ప్రయోగంలో, 25 శాతం పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం, మరణాలు 12 శాతం తగ్గాయి. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని పెద్దలకు సిఫారసు చేస్తూనే పిల్లలను, గర్భిణులను, కిడ్నీ జబ్బు ఉన్నవారిని పక్కన పెట్టింది. కిడ్నీ దెబ్బతిన్నవారిలో పొటాషియం బయటికి పోదు, రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ముందు హెచ్చరిక కూడా ఉండకపోవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో మీకు చెప్పాల్సిన పని లేదు. 2023 చివర్లో పలాసలో ప్రత్యేక ఆసుపత్రి తెరవాల్సి వచ్చింది. అలాంటి చోట రేషన్ ద్వారానో, బడి ద్వారానో ఈ ఉప్పు ఇళ్ళకు చేరితే, జబ్బు ఉందని తెలియనివాళ్ళు కూడా తింటారు. బడి వంటలోకి అది రావద్దు. ఉన్న ఉప్పునే తక్కువ వాడదాం.

వేసవి గురించి రెండు మాటలు. విరేచనాలు, వాంతులు అయిన పిల్లలకు ఓఆర్‌ఎస్ ఇవ్వడంలో ఉప్పు భయం అసలు ఉండకూడదు. అందులో లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు కొలిచి పెట్టారు, అది మందు. లీటరు ప్యాకెట్‌ను ఒక గ్లాసులో కలిపి తాగించడం మాత్రం ప్రమాదం, రక్తంలో సోడియం ఒక్కసారిగా పెరుగుతుంది. కిట్‌తో పాటు లీటరు సీసా కూడా ఇవ్వండి. మామూలు ఎండకు, ఆటలకు మంచినీళ్ళు, పల్చటి మజ్జిగ చాలు. తీర మండలాల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే నీటిలో సోడియం పరీక్ష చేయించండి. టీడీఎస్ మీటరు నీటిలో కరిగినవాటన్నిటినీ కలిపి చూపుతుంది, సోడియం ఎంతో చెప్పదు.

ప్రయోగశాలలో వంట నమూనా చూడాలనుకుంటే ఒక జాగ్రత్త. సిల్వర్ నైట్రేట్‌ను చుక్కచుక్కగా కలుపుతూ ఉప్పును కొలిచే టైట్రేషన్‌లో 0.1 నార్మల్ గాఢత ద్రావణం ఒక మిల్లీలీటరు 5.85 మిల్లీగ్రాముల ఉప్పుకు సమానం. కానీ సాంబారు పుల్లనిది. ఆ ఆమ్లంలో ముగింపుకు గుర్తయిన ఎర్రటి సిల్వర్ క్రోమేట్ కరిగిపోయి ముగింపు ఆలస్యంగా కనిపిస్తుంది, అంకె ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. ముందు తటస్థం చేయాలి. పసుపు, కారం రంగు అడ్డొస్తే నమూనాను బూడిద చేసి చూడాలి. ఈ పరీక్ష క్లోరైడ్‌నే కొలుస్తుంది, సోడా నుంచి వచ్చే సోడియం కావాలంటే సోడియాన్నే నేరుగా కొలిచే ఫ్లేమ్ ఫోటోమీటర్ వాడాల్సిందే.

పిల్లలు ఒప్పుకుంటారా అన్నది చివరి సందేహం. ఒక్కరోజులో సగానికి తగ్గిస్తే ఒప్పుకోరు, పళ్ళేలు నిండుగా వెనక్కి వస్తాయి, అది ఉప్పుకన్నా పెద్ద నష్టం. ఒక మెట్టుకు పది శాతం చొప్పున తగ్గిస్తే నాలుక పట్టుకోలేదు. వందమందికి ఇప్పుడు 180 గ్రాములు పడుతోందనుకుందాం. 160, 145, 130, 120 అని ఒక్కో మెట్టుకు మూడు వారాలివ్వండి, మూడు నెలల్లో అయిపోతుంది. బ్రిటన్‌లో రొట్టెల్లో, ప్యాకెట్ ఆహారంలో ఇలాగే మెల్లగా తగ్గించుకుంటూ పోతే దేశం సగటు వాడకం 2001 నుంచి 2011 నాటికి తొమ్మిదిన్నర నుంచి దాదాపు ఎనిమిది గ్రాములకు దిగింది. ఇంకో మాట. చైనాలోని చాంగ్‌జీలో 28 ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు ఉప్పు పాఠం చెప్పి ఇంట్లో వాళ్ళను మార్చే పని అప్పగించారు. 2015లో వచ్చిన ఫలితాల్లో, పాఠం లేని బడులతో పోలిస్తే ఆ ఇళ్ళలోని పెద్దల వాడకం రోజుకు 2.9 గ్రాములు తగ్గింది. మన పిల్లల మాట ఇంట్లో అంతకన్నా తక్కువ చెల్లదు. సోడియం వరుస చదివి రెండున్నరతో హెచ్చించడం ఐదో తరగతి లెక్కే కదా, పాఠంలో పెట్టండి.

కాబట్టి వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు మీరిచ్చే సర్క్యులర్‌లో ఇవి ఉండాలని మా విన్నపం: ప్రాథమికంలో తలకు 1.2 గ్రాములు, ప్రాథమికోన్నతంలో 1.75, హాస్టల్లో రోజుకు 4.5. బడికో కాటా, గీత గీసిన గ్లాసు. రుచి రిజిస్టరులో ఉప్పు గ్రాముల గడి. పచ్చడికి వారానికి రెండు పూటలు. కొలత పాటించిన వంటమనిషికి మాట రాకుండా రక్షణ. మొదటి రెండు వారాలు మాత్రం ఎవరినీ ఏమీ తగ్గించమనవద్దు. ఇప్పుడు వేస్తున్నదే తూచి, తూచింది తూచినట్టు రాయించండి. ఏ బడి ఏ మెట్టు నుంచి మొదలుపెట్టాలో ఆ అంకెను బట్టి నిర్ణయించవచ్చు.

ఇట్లు,
పోషకాహారం, ఆహార పరీక్ష, సామూహిక వంట రంగాల్లో పనిచేస్తున్న కొందరం